గేటు మీద ఖాకీ చొక్కా

మా కృష్ణలంక సందులో ఒక కట్టుబాటు ఉంది. పెట్టింది నేనే. మా గేటు మీద ఖాకీ చొక్కా వేలాడుతోందంటే లోపల మా ఆయన నిద్రపోతున్నాడని అర్థం. అది కనబడగానే కూరగాయల బండివాడు మైకు కట్టేస్తాడు. పిల్లలు క్రికెట్ వికెట్లు పీక్కుని సందు చివరికి పోతారు. చేపల రావమ్మ కేక వెయ్యకుండా గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "బొమ్మిడాయిలమ్మా" అని గుసగుసలాడుతుంది. గుసగుసగా చేపలమ్మే మనిషి బెజవాడ మొత్తం మీద మా సందులోనే దొరుకుతుంది.

మా ఆయన పేరు లాజరు. ఆర్టీసీ డ్రైవరు. ముప్పై ఏళ్ళుగా విశాఖపట్నం నైట్ సర్వీసు నడుపుతున్నాడు. రాత్రి ఇక్కడ బండెక్కితే తెల్లారేసరికి విశాఖ. ఆ పగలు అక్కడి రెస్ట్ రూములో పడక, రాత్రికి తిరుగు ప్రయాణం, మర్నాటి పగలు మా ఇంట్లో నిద్ర. ఆయన డ్యూటీలో చేరిన రోజున మా అత్తగారు నన్ను పక్కకి పిలిచి, "వాడి తిండి సంగతి వాడే చూసుకుంటాడు, నిద్ర సంగతి నువ్వు చూడమ్మా" అంది. ఆవిడ పోయి పదేళ్ళయింది గానీ ఆ మాట నా నెత్తి మీద నుంచి దిగలేదు.

నిజం చెప్పాలంటే నేను పెద్దగా చూసింది లేదు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నట్టు, తల దిండుకు తగలడమే ఆలస్యం ఆయనకి. నేను మంచం పక్కనే కుట్టుమిషను పెట్టుకుని చీరలకు ఫాల్సు కుడుతుంటే ఆ చప్పుడులోనే హాయిగా పడుకునేవాడు. "పేరే లాజరు, బైబిల్లో చచ్చిన లాజరులాగే ప్రభువొచ్చి పిలిస్తేగానీ లేవడు" అని మా పాస్టరు జీవరత్నం గారు ఎగతాళి చేసేవారు.

ఆయనకి నిద్ర పట్టిందో లేదో తెలుసుకోవడానికి నాకు ఒక గుర్తుంది. ఎడమ కాలు. నిజంగా నిద్రలోకి జారితే ఆ కాలు క్లచ్ తొక్కుతుంది. పాదం మెల్లగా ముందుకు వంగి, ఓ క్షణం ఆగి, వెనక్కి వస్తుంది. కాసేపటికి మళ్ళీ. నేను మిషను మీద నుంచి చూసి, ఏలూరు దాటాడు, రాజమండ్రి వంతెనెక్కాడు అనుకుని నవ్వుకునేదాన్ని. కుడి కాలు మాత్రం ఎప్పుడూ కదిలేది కాదు. బ్రేకు అవసరం పడని నిద్ర ఆయనది. ఈ సంగతి ఆయనకి ఏనాడూ చెప్పలేదు. చెబితే నిద్రలో కూడా కాళ్ళు సర్దుకునే రకం.

పోయిన జూన్‌లో ఒక పొద్దున డ్యూటీ దిగి ఇంటికొచ్చి, టీ గ్లాసు ముట్టుకోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"సంపూర్ణా, ఇయ్యాల కునుకు పట్టింది" అన్నాడు.

"మంచిదేగా. ఎక్కడ, విశాఖలోనా?"

"స్టీరింగ్ మీద."

హనుమాన్ జంక్షన్ దాటాక, గన్నవరం ఇంకా రాకముందు. ఒక్క క్షణం. ఎడమ చక్రం తారు దిగి మట్టిలో పడిన చప్పుడుకి తెలివొచ్చి, బండిని రోడ్డెక్కించాడు. బస్సులో ఎవరూ లేవలేదు. ఎవరికీ తెలియదు. ఆయనకీ, దేవుడికీ, ఇప్పుడు నాకూ తెలుసు.

"డిపోలో చెప్పండి" అన్నాను.

"ఏం చెప్పమంటావు? ఏడు నెలల్లో రిటైర్మెంటు. ముప్పై ఏళ్ళలో బండికి గీత పడలేదు. ఇప్పుడు పోయి, అయ్యా నేను నిద్రపోయానండీ అని చెప్పుకోమంటావా? కొత్తగా చేరిన డ్రైవరు పిల్లకాయలంతా నవ్వుతారు."

మా ఆయన నెమ్మదస్తుడే గానీ, పరువు దగ్గరికొస్తే చెవిటి మనిషి. నేనూ తక్కువదాన్ని కాదు. ఇద్దరం మధ్యాహ్నం దాకా వాదించుకుని ఒక ఒప్పందానికొచ్చాం. జ్వరమని పది రోజులు సెలవు పెట్టాలి. ఈ పది రోజుల్లో ఒక్క పగలైనా ఏకబిగిన ఐదు గంటలు పడుకుని చూపిస్తే డ్యూటీకి పంపుతాను. చూపించకపోతే డిపోలో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయన చెప్పకపోతే నేనే వెళ్ళి చెప్తాను.

"ఐదు గంటలేనా?" అని నవ్వాడు. అప్పటికింకా నవ్వే ఓపిక ఉంది.

ఆ రోజు నుంచే కంటి మీద కునుకు కరువైంది. పగలూ లేదు, రాత్రీ లేదు. పడుకోవడం, పైకప్పు చూడటం, లేవడం, మంచినీళ్ళు తాగడం. రమ్మన్నప్పుడు వచ్చేదైతే అది నిద్రెందుకవుతుంది? మూడో రోజుకి కళ్ళ కింద నల్లగా పడింది. నాకు భయం వేసి, ఎదురింటి నాగమల్లేశ్వరితో అన్నాను. కునుకు సంగతి కాదు, నిద్ర పట్టడం లేదన్నంత వరకే. నాగమల్లేశ్వరి పెడన నుంచి చేనేత చీరలు తెచ్చి గవర్నర్‌పేట కొట్లకు వేస్తుంది. రోజుకి నలభై మందితో మాట్లాడే మనిషి. ఆమె చెవిన వేస్తే సందంతటికీ వేసినట్టే.

మర్నాడు పదింటికి ఆయన్ని పడుకోబెట్టి, అలవాటుగా గేటు మీద చొక్కా వేశాను. పదకొండింటికి గేటు గడియ మోగింది. నాగమల్లేశ్వరి, చేతిలో స్టీలు గ్లాసు.

"అన్నయ్య గారు పడుకున్నారా వదినా?"

"ఇప్పుడే కళ్ళు మూసుకున్నారు."

"అయ్యో, అయితే తొందరగా లేపండి. గసగసాలు నూరి పాలల్లో కాచా. చల్లారితే పని చెయ్యదు. ఇది తాగి పడుకుంటే సాయంత్రం దాకా లేవరు."

నిద్ర మందు తాగించడానికి నిద్ర లేపమంటోంది. ఏమనాలి ఆ మనిషిని? పోనీ తిడదామా అంటే కళ్ళనిండా ప్రేమ. నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి మా ఆయన, "తెమ్మను సంపూర్ణా, మేలుకునే ఉన్నా" అన్నాడు. పాలు తాగి, బాగున్నాయని మెచ్చుకుని, మళ్ళీ పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

తర్వాతి రోజు రావమ్మ. పెరుగన్నంలో పచ్చి ఉల్లిపాయ నంజుకుంటే ఎద్దులాగా నిద్రపోతారని చెప్పడానికి, చేపల తట్ట గేటు దగ్గర దించి లోపలికొచ్చింది. చెప్పిన మాట మంచిదే, మా అమ్మ కూడా అదే చెప్పేది. ఈలోగా సందులోని పిల్లులన్నీ తట్ట చుట్టూ చేరి, సరిగ్గా మా పడకగది కిటికీ కింద పంపకాల దగ్గర తగువు పెట్టుకున్నాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక జీవరత్నం పాస్టరు గారు నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. సహోదరుడి నిద్ర కోసం ప్రార్థన. ఆ మహానుభావుడి గొంతు మైకు లేకుండానే కరకట్ట దాకా వినబడుతుంది. మా ఆయన మంచం మీద లేచి కూర్చుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ముప్పావుగంట ప్రార్థన విన్నాడు. చివర అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నదీ ఆయనే. ఎంత మెలకువగా ఉన్నాడో ఆ గొంతే చెప్పింది.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ గేటు మీద చొక్కా కనబడితే లాజరు గారు పడుకున్నారని ఆగిపోయేవాళ్ళు. ఇప్పుడదే చొక్కా కనబడితే, పాపం లాజరు గారు పడుకోవడానికి అవస్థ పడుతున్నారు, ఇప్పుడే వెళ్ళాలి అనుకుని వస్తున్నారు. ఎవర్నీ తప్పుపట్టలేం. ఊరంతా కలిసి ఒక మనిషిని ప్రేమతో నిద్రపోనివ్వకుండా చేయడమంటే ఇదే. ఆ సాయంత్రమే చొక్కా తీసి బీరువాలో పెట్టాను.

మా అమ్మాయి జెస్సికా నర్సు, గన్నవరంలో కాపురం. అది ఫోన్లో చెప్పిన మాటలు కాస్త బుర్ర పెట్టి చెప్పినవి. మధ్యాహ్నం టీ మానిపించు, మంచం మీదికి ఫోను ఇవ్వకు, గది చీకటి చెయ్యి, రోజూ ఒకే వేళకి పడుకోబెట్టు, అయినా పట్టకపోతే డాక్టరుకి చూపిద్దాం అంది. నల్ల ఫాల్సు గుడ్డలన్నీ అతికి కిటికీకి తెర కుట్టాను. టీ మానిపించాను. మానిపించినందుకు నాతో ఒక పూట మాట్లాడలేదు. ఇంకా మంచిదని, అమ్మాయి నా ఫోనుకి వాన చప్పుడు పంపించింది. అది వింటే మనసు నెమ్మదించి నిద్ర వస్తుందట. తలగడ పక్కన పెట్టి తలుపు దగ్గరగా వేశాను. రెండు నిమిషాలు కాకముందే లోపల్నుంచి కేక.

"సంపూర్ణా! వానొస్తంది! మేడ మీద బట్టలు తియ్యి!"

నవ్వొచ్చింది గానీ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఎనిమిది రోజులైపోయాయి. మనిషి సగమైపోయాడు. స్టీరింగ్ ముందు కూర్చుంటే కొండలా కనబడేవాడు, ఇంట్లో బనీనుతో ఒక మూల ఒదిగి కూర్చుంటుంటే చూడలేకపోయాను.

పదో రోజు వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ. పొద్దున్నే నేను సందంతా తిరిగి, ఈ ఒక్కరోజు మా గడప తొక్కొద్దని అందరికీ దణ్ణం పెట్టి వచ్చాను. పెరుగన్నం, ఉల్లిపాయ పెట్టాను. గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించాను. పదకొండింటికి పడుకోబెట్టి తలుపు మూశాను.

పావుగంటలో గురక వినబడింది. నేను తలుపు అవతల మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. పన్నెండు, ఒంటిగంట, రెండు. గురక ఆగలేదు. ఆనందం పట్టలేక, నిద్ర ఇంకా గట్టిపడాలని, వేలితో కాస్త నెయ్యి తీసుకుని లోపలికెళ్ళి అరికాళ్ళకి మెల్లగా రాస్తూ కూర్చున్నాను.

ఎడమ కాలు కదల్లేదు.

కాసేపు ఆగాను. పాదం బిగబట్టినట్టు ఉంది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది, గురక దాని లెక్కలో అది సాగుతోంది. మరీ లెక్కగా సాగుతోంది. ముప్పై ఏళ్ళలో ఈ మనిషి ఎప్పుడు గురక పెట్టాడు? పదిహేను నిమిషాలు, ఇరవై, అరగంట. ఏలూరూ రాలేదు, రాజమండ్రీ రాలేదు. బండి అసలు డిపోలోంచి కదల్లేదు.

నాకు ముందు కోపం రాలేదు. జాలి వేసింది. అరవై దాటిన మనిషి, మంచం మీద పడుకుని, నన్ను నమ్మించడానికి మూడు గంటలుగా దొంగ గురక పెడుతున్నాడు. ఆ తర్వాత వచ్చింది కోపం. లేచి వెళ్ళి, బీరువాలో ఉన్న రెండు జతల యూనిఫారమూ తీసి, బకెట్లో సర్ఫు నీళ్ళలో ముంచేశాను.

ఐదింటికి ఆవులిస్తూ బయటికొచ్చాడు. ఒళ్ళు విరుచుకుని, "అబ్బ, ఏం నిద్ర! ఆరు గంటలు! గెలిచానా లేదా?" అన్నాడు.

"గెలిచారు."

"మరి యూనిఫారమేదీ?"

"నానబెట్టాను."

మా ఆయన బకెట్ చూశాడు, నన్ను చూశాడు. "ఏంటే ఇది? నేను పడుకోలేదా? నువ్వే వచ్చి నెయ్యి రాశావుగా!"

"నెయ్యి రాసిన సంగతి నిద్రపోయేవాడికి ఎట్లా తెలుసు?"

అయినా మొండికేశాడు. బకెట్లోంచి చొక్కా తీసి, జాడించి, పిండి, ఆ తడి చొక్కానే తొడుక్కున్నాడు. నీళ్ళు కారుతున్నాయి. "నేను పోతున్నా" అని గుమ్మం దాకా వెళ్ళాడు.

"పదండి, నేనూ వస్తా" అన్నాను. చెప్పులు వేసుకున్నాను. "డిపోలో ఏమీ చెప్పనులే. విశాఖకి టికెట్టు తీసుకుంటా. మీ ఎడమ చేతి పక్క మొదటి సీటులో కూర్చుంటా. కూర్చుని హాయిగా నిద్రపోతా. మీరుండగా నాకేం భయం?"

వెనక్కి తిరిగాడు.

"ఆ సీటులో వద్దు."

"ఏం?"

"ఆ సీటులో వద్దు సంపూర్ణా" అని, గుమ్మం మీదే కూలబడ్డాడు. "ఆ రోజు ఆ సీటులో ఒక తల్లి ఉంది. ఒళ్ళో మూడేళ్ళ పిల్ల. చక్రం మట్టిలోంచి పైకెక్కాక అద్దంలో చూశా. ఇద్దరూ నోళ్ళు తెరిచి నిద్రపోతన్నారు. నేనున్నానని పడుకున్నారు గదా వాళ్ళు. కళ్ళు మూస్తే ఆ పిల్లే కనబడతంది. ఎట్టా నిద్రపోయేది? నిద్రంటేనే భయమేస్తంది."

ఇంటికి డజను మంది డజను మందులు తెచ్చారు గానీ, ఈ మాటకి మందు ఎవరి దగ్గరా లేదు. నేను పక్కన కూర్చుని ఆయన తడి భుజం మీద తల పెట్టాను. పదిరోజులుగా ఇంత బరువు ఒక్కడే మోశాడు. నేనేమో ఉల్లిపాయలు కోసుకుంటూ కూర్చున్నాను. నన్ను కూర్చోనివ్వని సీటులో ఇంకొకరి భార్యని ఎట్లా కూర్చోబెడతాడు? ఆ మాట ఆయనకీ అప్పుడే తట్టినట్టుంది. కాసేపటికి లేచి, "డిపోకి పోదాం పద" అన్నాడు.

తడి యూనిఫారంలో ఒక మనిషి, పక్కన చెప్పులు తారుమారుగా వేసుకున్న భార్య. డిపోలో అందరూ చూశారు. డ్యూటీలు వేసే జాన్సన్ మా చర్చి కుర్రాడే, జెస్సికా ఈడు. మా ఆయన అతని బల్ల ముందు నిలబడి, తేదీ, టైము, చోటుతో సహా మొత్తం చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. నవ్వుతారనుకున్న పిల్లకాయలెవరూ నవ్వలేదు. జాన్సన్ చార్టులో ఆయన పేరు కొట్టేసి వేరే డ్రైవరు పేరు రాసి, "రేపు మేనేజరు గారికి చెప్పండి, నేనూ ఉంటాను" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అంకుల్, నాకూ పోయిన నెల ఒకసారి అట్లాగే అయింది. అప్పుడు నేనూ బస్సు నడుపుతున్నా. నేను ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

మా ఆయన అతని తల మీద చెయ్యి వేశాడు.

ఇంటికొచ్చేసరికి ఏడైంది. చొక్కా విప్పి ఇస్తే, ఆరేయడానికి మేడెక్కే ఓపిక లేక గేటు మీద పడేశాను. లోపలికి వెళ్ళి చూద్దును కదా, అన్నం కూడా తినకుండా మంచం మీద అడ్డంగా పడి ఉన్నాడు. గురక లేదు. ఎడమ కాలు మెల్లగా ముందుకు వంగింది, ఆగింది, వెనక్కి వచ్చింది. బండి డిపోలోంచి బయల్దేరింది. బయట పిల్లలు ఆట ఆపేశారు. నాగమల్లేశ్వరి వాళ్ళ టీవీ గొంతు తగ్గింది. గేటు మీద చొక్కా తడిదో పొడిదో ఎవరూ అడగలేదు, మందు పట్టుకుని ఎవరూ రాలేదు.

మేనేజరు గారు మందలించారు, ఆసుపత్రి పరీక్షకి పంపారు, చివరికి మిగిలిన ఏడు నెలలూ డిపోలోనే పగటి డ్యూటీ వేశారు. బళ్ళు కడిగించడం, టైర్లు చూడటం. పరువేమీ పోలేదు. కొత్త డ్రైవర్లు టీ తాగుతూ ఆయన దగ్గరే కూర్చుంటున్నారట, ఎవరికి ఎప్పుడు కునుకొచ్చిందో చెప్పుకుంటున్నారట.

పగటి డ్యూటీ మొదలైన రాత్రి మాత్రం ఆయనకి వెంటనే నిద్ర రాలేదు. ముప్పై ఏళ్ళుగా రాత్రంటే మేలుకునే వేళ కదా, ఒళ్ళు మరిచిపోదు. నాకు మాత్రం ఎప్పుడు పట్టిందో తెలియదు. ఇన్నేళ్ళూ ఆయన రోడ్డు మీదున్న రాత్రి ఫోను దిండు కింద పెట్టుకుని, తెల్లవారుజామున "దిగాను" అన్న ఒక్క మాట వినేదాకా పడుకున్నానో లేదో తెలియకుండా పడుకునేదాన్ని. సెలవు రాత్రుల్లో ఆయన నాకన్నా ముందే నిద్రపోయేవాడు. మొన్నటి ఆ పది రాత్రులూ ఆయనతో పాటు నేనూ మేలుకునే ఉన్నాను. అందుకే, నేను నిద్రపోతుంటే ఎలా ఉంటానో ఆయన ఎప్పుడూ చూడలేదు.

తెల్లారి లేచేసరికి మంచం చివర కూర్చుని ఉన్నాడు. చేతిలో నెయ్యి గిన్నె. నా అరికాళ్ళు జిడ్డుగా ఉన్నాయి.

"ఇదేంటండీ, రాత్రంతా ఇక్కడే కూర్చున్నారా?"

"ఏం చెయ్యను, నిద్ర రాలా. నిన్ను చూస్తా కూర్చున్నా." నా కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "నీకో సంగతి తెలుసా? నిద్రలో నీ కుడి కాలు కదులుతది. కాసేపటికోసారి గట్టిగా తొక్కి పడతావు."

నేను పాదం వెనక్కి లాక్కోబోయాను.

"ముప్పై ఏళ్ళు, నా బండికి బ్రేకేసింది నేననుకున్నానే పిచ్చిదానా" అన్నాడు. పాదం మాత్రం వదల్లేదు.